పాద దర్శనం మొదటి అంతస్తులో

దిష్టి గుమ్మడికాయను ఒకసారి చేతిలోకి తీసుకున్నాక పగలగొట్టేదాకా కింద పెట్టకూడదట. ఈ నియమం నాకు లిఫ్టు ఆగిపోయాక చెప్పారు.

ముందు జరిగింది గబగబా చెప్పేస్తాను. మాది బెజవాడ, పటమట వైపు పాత అపార్టుమెంటు. ఏటా దసరాకు బోరు మోటారుకు, జనరేటరుకు ఆయుధ పూజ చేయడం మామూలే. ఈసారి లిఫ్టుకు కూడా చేయాలని సెక్రటరీ గారు తీర్మానించారు. “లిఫ్టు ఆయుధం ఎలా అవుతుందండీ?” అని గ్రూపులో అడిగాను. “ఐదో అంతస్తు వాళ్లను అడగండి” అని ఆయన జవాబు. దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు. ఆ వెంటనే ఇంకో మెసేజి: లిఫ్టుకు దిష్టి తీసే బాధ్యత నాకు అప్పగించారని. ప్రశ్న అడిగినవాడికే పని తగిలించడం మా అసోసియేషన్ రాజ్యాంగంలో మొదటి అధికరణం.

పథకం ఏమిటంటే, నేను బూడిద గుమ్మడికాయ పట్టుకుని గ్రౌండ్ ఫ్లోర్లో లిఫ్టెక్కాలి. ప్రతి అంతస్తులో ఆగి, గేటు తీసి, మూడుసార్లు తిప్పి, మళ్లీ పైకి వెళ్లాలి. ఐదో అంతస్తు అయ్యాక కిందికొచ్చి వీధి గేటు దగ్గర పగలగొట్టాలి. పంతులు గారికి తొందరగా ఉంది. ఆటోనగర్లో లేతు మిషన్లు, లారీలు, డ్రిల్లింగ్ మిషన్లు ఆయన కోసం బొట్లు పెట్టుకుని ఎదురుచూస్తున్నాయి. కాయ పైన చిన్న కన్నం కోసి, లోపల కుంకుమ నీళ్లు పోసి, పైన కర్పూరం వెలిగించి నా చేతిలో పెట్టారు.

మాది జల్లెడ గేట్ల లిఫ్టు. గేటు కాస్త తెరుచుకున్నా కదలదు. పైగా ఒక ఆడగొంతు “ప్లీజ్ క్లోజ్ ద డోర్” అని అరుస్తూనే ఉంటుంది. లిఫ్టు వచ్చి ఆగకముందే గేటు లాగరాదని ప్రతి అంతస్తులో ఎర్రరంగుతో రాసి ఉంటుంది. రాయించింది సెక్రటరీ గారే. మొదటి అంతస్తు అయిపోయింది. రెండో అంతస్తులో, నన్ను ఫోటో తీయడానికి సిద్ధంగా నిలబడ్డ సెక్రటరీ గారు, లిఫ్టు ఇంకా దారిలో ఉండగానే గేటు లాగేశారు.

ఆగిపోయింది.

ఆయన కంగారుగా గేటును మళ్లీ వేయబోయారు. గేటుకు ఆయనే స్వహస్తాలతో కట్టిన అరటి బోదె మధ్యలో ఇరుక్కుంది. ఇంకా గట్టిగా తోశారు. బోదె చితికింది, గేటు గొళ్లెం వంగింది. “ప్లీజ్ క్లోజ్ ద డోర్” అంది ఆడగొంతు.

ఇక్కడ నేనున్న చోటు గురించి కాస్త వివరంగా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. లిఫ్టు రెండు అంతస్తుల నడుమ సరిగ్గా సగంలో ఆగింది. రెండో అంతస్తు నేల నా ముక్కు దగ్గర ఉంది. అంటే అక్కడివాళ్లకు నేలమట్టంలో నా కళ్లు, నుదురు, నుదుట పంతులు గారు పెట్టిన పెద్ద బొట్టు కనిపిస్తున్నాయి. మాట్లాడాలంటే మునివేళ్ల మీద లేవాలి. లేచినప్పుడల్లా నా గడ్డం సెక్రటరీ గారి భార్య పొద్దున్నే వేసిన చుక్కల ముగ్గుకు ఆనుతోంది. “ముగ్గు తొక్కకండి” అని ఆవిడ రెండుసార్లు అన్నారు. గడ్డంతో ముగ్గు తొక్కిన మనిషి ఎన్టీఆర్ జిల్లాలో నాకు ముందు ఎవరైనా ఉన్నారో లేదో తెలీదు. ఇక మొదటి అంతస్తు గేటులోంచి చూస్తే నా పాదాలు, పిక్కలు మాత్రమే కనిపిస్తాయి. అవి కూడా వాళ్ల కళ్ల ఎత్తులో.

“కాయ కింద పెడతానండీ, చేతులు లాగేస్తున్నాయి” అన్నాను.

అప్పుడొచ్చింది ఆ నియమం. పెట్టకూడదట. పెడితే ఇంతసేపూ తీసిన దిష్టంతా పెట్టినచోటే ఉండిపోతుందట. “లిఫ్టులో ఉండిపోతే ఇంకేమన్నా ఉందా, మాస్టారూ!” అన్నారు సెక్రటరీ గారు. నేను మాస్టారును కాను. బ్యాంకులో పనిచేస్తాను.

లిఫ్టు బాగుచేసే అబ్బాయికి ఫోన్ చేశారు. 2025లో దసరా అక్టోబరు 2నే రావడంతో గాంధీ జయంతి కూడా కలిసొచ్చింది. రెండు సెలవులు ఒక్కరోజే. ఆ అబ్బాయి ఉండేది భవానీపురంలో, అంటే దుర్గమ్మ కొండకు అవతల. మా ఊళ్లో దసరా నాడు అటునుంచి ఇటు రావడమంటే ఏమిటో బయటివాళ్లకు తెలీదు. గుడి కింద రోడ్డంతా క్యూలైన్లు, ఇరుముళ్లతో ఎర్రబట్టల భవానీలు, పోలీసుల తాళ్లు. “చిట్టినగర్ సొరంగం మీదుగా వస్తాను సార్, అక్కడా జామే” అన్నాడట. “అందాకా ఎవరూ గేటు ముట్టుకోవద్దు” అన్నాడట. గేటు ముట్టుకోకుండా ఉండటం సెక్రటరీ గారికి ఎంత కష్టమైందో నాకు కింది నుంచి కనిపిస్తూనే ఉంది.

కరెంటు పోతే లిఫ్టును దగ్గరి అంతస్తుకు చేర్చే బ్యాటరీ పెట్టె ఒకటి ఉంటుంది. మెయిన్ స్విచ్ ఆపితే అదన్నా పని చేస్తుందేమో చూడండి అన్నాను. “దానికి కొటేషన్లు తెప్పిస్తున్నాం” అన్నారు. కిందటి సంక్రాంతికి కూడా తెప్పిస్తున్నారు.

ఈలోగా పంతులు గారు గడియారం చూసుకున్నారు. “ముహూర్తం దాటిపోతుంది, మనిషి ఎలాగూ లోపలే ఉన్నాడు, కానిచ్చేద్దాం” అన్నారు. మా అపార్టుమెంటు చరిత్రలో ఇంత ఏకగ్రీవంగా ఆమోదం పొందిన తీర్మానం ఇంకొకటి లేదు.

రెండో అంతస్తులో నేలమీద హారతి పళ్లెం పెట్టారు. కర్పూరం నా కనుబొమలకు జానెడు దూరంలో వెలుగుతోంది. మంత్రాలు మొదలయ్యాయి. మధ్యమధ్య లిఫ్టు ఆవిడ “ప్లీజ్ క్లోజ్ ద డోర్” అంటోంది. పంతులు గారు ఆ గొంతు కోసం ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంటున్నారు. గంట కొట్టేసరికి తలుపులన్నీ తెరుచుకున్నాయి. మామూలుగా మా పూజలకు నలుగురు వస్తే గొప్ప. కానీ గాంధీ జయంతి కదా, మాంసం కొట్లు మూసేశారు, మగవాళ్లకు పొద్దున పూట చేయడానికి పనేమీ లేదు. పైనుంచి, కింది నుంచి మెట్ల మీదుగా దిగుతున్నారు, ఎక్కుతున్నారు. లిఫ్టు లేదు కదా.

జనం పెరగడం చూసి సెక్రటరీ గారికి ఊపొచ్చింది. ఈ మనిషికి ఏనాటి నుంచో దేవస్థానం ఈవో కావాలన్న కోరిక ఉన్నట్టుంది. తాడు ఒకటి తెప్పించి మెట్ల రెయిలింగుకు కట్టారు. “ముఖ దర్శనం కావలసినవాళ్లు ఇటు, పాద దర్శనం కిందికి” అన్నారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. మెయింటెనెన్సు కట్టినవాళ్లను ముందు పంపించారు. మూడు నెలల బాకీ ఉన్న మూడో అంతస్తు కుర్రాడిని “నువ్వు సర్వదర్శనం, వెనక్కి రా” అని నా కళ్లముందే, అంటే నా కళ్ల ఎత్తులో ఉన్న వాడి చెప్పుల ముందే, తాడు వెనక్కి నెట్టారు. మూలా నక్షత్రం నాడు అమ్మవారిని సరస్వతీదేవి అలంకారంలో చూడటానికి ఇంటిల్లిపాదీ గంటల తరబడి క్యూలో నిలబడ్డాం. అప్పుడు మా ముందునుంచి ఎవరో కండువా పెద్దమనిషి తన పరివారంతో పక్కదారిన లోపలికి వెళ్లిపోతే తెగ తిట్టుకున్నాను. ఇప్పుడు పక్కదారిన వచ్చినవాళ్లు లోపలున్నవాడికి ఎలా కనిపిస్తారో తెలిసింది. కాళ్లు మాత్రమే కనిపిస్తారు.

“ఈరోజు ఏ అలంకారం నాన్నా?” అని ఒక పిల్లాడు అడిగాడు.

“రాజరాజేశ్వరీదేవి రా.”

“మరి చెరకుగడ ఏది?”

“అంకుల్ గుమ్మడికాయ పట్టుకున్నాడుగా.”

ఆ పిల్లాడి చెల్లెలు ఇంట్లో బొమ్మల కొలువు పెట్టింది. పరుగున వెళ్లి, తన కొలువులోంచి చెట్టియారు బొమ్మను, పచారీ కొట్టు మూటలతో సహా, తెచ్చి నా చెవి పక్కన ముగ్గులో పెట్టింది. నేను ఒంటరిగా ఉన్నానని జాలిపడిందట. ఆ పూటంతా నా గురించి ఆలోచించిన మనిషి ఆ పిల్లే.

కింది అంతస్తు సంగతి నాకు కనిపించదు, తెలుస్తుంది. అక్కడ ఎనభై దాటిన ఒక బామ్మగారు ఉన్నారు. కంటి శుక్లాల ఆపరేషన్ దీపావళి తర్వాత. గంట చప్పుడు విని వచ్చారు, ఎదురుగా కళ్ల ఎత్తులో పాదాలు కనిపించాయి. ఇంకేం ఆలోచిస్తారు? గేటు సందులోంచి వేళ్లు పెట్టి నా బొటనవేళ్లకు పసుపు రాశారు. నేను ఉలిక్కిపడి కాలు వెనక్కి తీసుకున్నాను. “తల్లీ, నా పూజ అందలేదా?” అని ఆవిడ గొంతు వణికింది. ఏం చేయమంటారు? కాలు మళ్లీ ముందుకు పెట్టాను. వీధిలో అప్పులవాళ్లు అడిగినా ఇంత వినయంగా నిలబడలేదు.

ఆ కదలికకు గుమ్మడికాయ ఒరిగింది. కన్నంలోంచి కుంకుమ నీళ్లు నా తెల్లచొక్కా మీదుగా, పంచె మీదుగా, పసుపు పూసిన పాదాల మీదుగా జారి, లిఫ్టు అంచు దాటి మొదటి అంతస్తు గుమ్మంలో బొట్టుబొట్టుగా పడ్డాయి. గుడివాడ నుంచి పండగకొచ్చిన బామ్మగారి వియ్యపురాలు సరిగ్గా అప్పుడే తలుపు తీశారు. వేలాడుతున్న రెండు కాళ్లు, వాటి నుంచి కారుతున్న ఎరుపు. ఆవిడ పెట్టిన కేక బెంజి సర్కిల్ దాకా వినిపించి ఉంటుంది.

మా ఆవిడ మాత్రం పై మెట్టు మీద నిలబడి వీడియో తీస్తోంది. “ఏవండీ, ఒకసారి ఇటు చూడండి” అంది. ఎటు చూడను? మా అత్తగారికి అప్పటికే పంపేసిందని తర్వాత తెలిసింది. “అల్లుడి ముఖంలో కళ ఉంది” అన్నారట ఆవిడ.

లిఫ్టు కుర్రాడు వచ్చాడు, పైన మోటారు గదిలో చక్రం ఏదో తిప్పాడు, దించారు. దసరా మామూలు అడిగితే సెక్రటరీ గారు నన్ను చూపించారు, నేనిచ్చాను. గుమ్మడికాయను కింద పెట్టకుండానే మెట్ల మీదుగా ఐదు అంతస్తులూ ఎక్కించారు. దిష్టి సగంలో ఆపకూడదట.

నిన్న రాత్రి గ్రూపులో మరమ్మతు బిల్లు పెట్టారు. గొళ్లెం, కూలి కలిపి ఫ్లాటుకు ఇంత అని పంచారు. మా ఫ్లాటుకు మాత్రం రెట్టింపు. ఎందుకని అడిగితే, రిజిస్టరులో కారణం రాసిన పేజీ ఫోటో తీసి పంపారు: “పూజ సమయంలో అధిక బరువు.” ఆ లిఫ్టులో ఆరుగురు, 408 కిలోలు అని రేకు మీద కొట్టి ఉంది. లోపలున్నది నేను, ఒక గుమ్మడికాయ. కాయ ఎన్ని కిలోలో కొన్నాయన్నే చెప్పమని మెసేజి పెట్టాను. నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు.