ఎంత కండ ఉంటే ఎక్కువైనట్టు?

మన పత్రిక పోయిన సంచికలో అనంతపురం సభ ఫోటోలు రెండు పేజీల నిండా వేశారు. డిసెంబరులో అమెరికాలోని మన సంఘం ఊరికి పోయి చేసే కంటి శిబిరం, స్కాలర్‌షిప్పులు, చివరిరోజు లలిత కళా పరిషత్తులో క్రీడాకారిణులకు సన్మానం, అన్నీ ఉన్నాయి. హాకీ పిల్లలున్నారు, కబడ్డీ పిల్ల ఉంది, జూడో పిల్ల శాలువాతో నవ్వుతా ఉంది. కండల పోటీలు ఆడే మా అక్క కూతురు లేదు. శాలువా దానికీ కప్పారు, ఫోటో కూడా తీశారు. ఏమైందని పత్రికవాళ్ళను అడిగితే "పత్రిక ఇంట్లో అందరూ చూస్తారు కదమ్మా" అన్నారు.

పిల్ల వచ్చింది పట్టుచీరలో. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని రమ్మని ముందురోజు ఫోన్ చేసి చెప్తే సరేననింది. ఉన్న జాకెట్టు చేయి పైకి ఎక్కకపోతే టవర్ క్లాక్ దగ్గర టైలరు రాత్రికి రాత్రి కుట్లు విప్పి వదులు చేసిచ్చాడు. ఎంత కప్పినా భుజాలు భుజాలే కదా. మన పెద్దాయన ఒకరు శాలువా కప్పుతూనే మైకులో "వ్యాయామం మంచిదే, కానీ ఆడపిల్ల ఆడపిల్లగా ఉండాలి" అన్నారు. వెనక వరసల్లో అనంతపురం జనం చప్పట్లు కొడుతున్నారు, ఈలలు వేస్తున్నారు. ముందు వరసల్లో అమెరికా నుంచి వచ్చినవాళ్ళే మొహాలు అటు తిప్పుకున్నారు.

ఆ మాట దానికి కొత్త కాదు. అది ఆడే విమెన్స్ ఫిజిక్ పోటీలో మార్కులు వేసేవాళ్ళూ ఇంచుమించు అదే మాట చెప్తారు.

పోటీ చూడనివాళ్ళ కోసం చెప్తాను. చెప్పులు, హీల్స్ లేకుండా ఒట్టి కాళ్ళతో వరసగా నిలబెడతారు. నాలుగు పక్కలకూ తిరగాలి. తర్వాత పోజులు: రెండు చేతులెత్తి కండ చూపించడం ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి, పక్క నుంచి ఛాతీ, ట్రైసెప్స్ (చేతి వెనక కండ), ఆపైన కడుపు, తొడ. జడ్జీలు నంబర్లు పిలిచి కొందరిని పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారు. మొదటి పిలుపులోనే నంబరు వస్తే ఆశ పెట్టుకోవచ్చు, మధ్యలో నిలబెట్టారంటే ఇంకా ఎక్కువ ఆశ. ఒక్కో జడ్జి ఒకటి, రెండు, మూడు అని స్థానాలు రాస్తాడు. మరీ పైనున్న అంకె, మరీ కిందున్న అంకె కొట్టేసి మిగిలినవి కూడితే ఎవరికి తక్కువ వస్తే వాళ్ళు గెలిచినట్టు. టేపు పెట్టి కొలిచేది లేదు. పొంతన, ఆకారం, కండ, కొవ్వు కరిగిన తీరు, అన్నీ కంటితో చూసి తేల్చేవే. తల దువ్విన తీరు, మేకప్పు కూడా ఆ చూపులో కలిసిపోతాయి.

ఇందులో పిడికిలి బిగించకూడదు. మగవాళ్ళు చేతులెత్తి పిడికిళ్ళు బిగించే ఆ పోజునే వీళ్ళు అరచేయి తెరిచి, వేళ్ళు సుతారంగా విప్పి ఇవ్వాలి. మా పిల్ల బీరువా అద్దం ముందు సాధన చేస్తుంటే పక్కనే మంచం మీద కూర్చుని చూశాను. చేయెత్తి బలం పెట్టగానే వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. విప్పుతుంది. మళ్ళీ ముడుచుకుంటాయి. బలం పెట్టాలి, పెట్టినట్టు కనబడకూడదు, పైగా నవ్వు చెదరకూడదు. చిన్నప్పట్నుంచి అది తెల్లబడాలని సున్నిపిండి రుద్దిన మా అక్కే, పోటీకి ముందురోజు రాత్రి దాని ఒంటికి ముదురు టాన్ రంగు పూసింది. ఆ రంగు లేకపోతే లైట్ల వెలుగులో కండ గీతలు తేలవు. దుప్పటికి అంటితే వదలదని పాత చీర పరిచి పడుకోబెట్టింది.

రాష్ట్రస్థాయిలో రెండో స్థానం వచ్చింది. ఎక్కడ తగ్గాను సార్ అని అడిగితే ఒక జడ్జి "కొంచెం ఎక్కువైందమ్మా, తగ్గించు" అన్నాడు. ఏది ఎక్కువైంది? భుజాలా, తొడలా? చెప్పలేదు. మార్కుల కాగితం చూపించలేదు.

ఈ "ఎక్కువైంది" అనే తీర్పు ఇప్పటిది కాదు. ఆడవాళ్ళ బాడీబిల్డింగ్‌లో పెద్ద పోటీ మిస్ ఒలింపియా 1980లో మొదలైంది. 1983లో లాస్ వేగాస్‌లో జరిగిన ఇంకో పోటీలో ఆస్ట్రేలియా పవర్‌లిఫ్టర్ బెవ్ ఫ్రాన్సిస్ దిగితే అంత కండ ఆ వేదిక మీద ఇంకెవరికీ లేదు. ఎనిమిదో స్థానం ఇచ్చారు. 2005 సీజనుకు ముందు అంతర్జాతీయ బాడీబిల్డింగ్ సమాఖ్య ఐఎఫ్‌బీబీ, అందం కోసం, ఆరోగ్యం కోసం అని చెప్పి, ఆడవాళ్ళు కండ 20 శాతం తగ్గించుకోవాలని నోటీసు పంపింది. దేంట్లో 20 శాతం, ఎట్లా తూచాలి? బాడీబిల్డింగ్ కంటే తక్కువ కండతో ఫిజిక్ విభాగం పెట్టి 2013లో ఒలింపియాలో చేర్చారు. డానా లిన్ బెయిలీ గెలిచింది. ఐరిస్ కైల్ పదిసార్లు గెలిచిన మిస్ ఒలింపియాను 2014 తర్వాత ఎత్తేసి, 2020లో మళ్ళీ తెచ్చారు. గీత ఎక్కడుందో ఆడేవాళ్ళకు తెలియదు, గీసేవాళ్ళు మాత్రం జరుపుతూ పోయారు.

జడ్జీల పక్షాన కూడా న్యాయం ఉంది. కండ ఎంత పెరిగితే అన్ని మార్కులంటే పిల్లలు మందుల దారి పడతారు. మగ హార్మోను మందులతో బొంగురుపోయిన ఆడపిల్ల గొంతు చాలాసార్లు మళ్ళీ మామూలుకు రాదు. పొంతన కంటితో చూడాల్సిందే, దానికి యంత్రం లేదు. ఫిజిక్ అనే విభాగమే లేకపోతే మా పిల్ల స్టేజీ ఎక్కేదే కాదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ జిమ్నాస్టిక్స్‌లోనూ మనుషులే చూస్తారు, అక్కడ ఏ తప్పుకు ఎంత కోతో రాసిపెట్టి ఉంటుంది. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెస్తే ఆమె భుజాలు ఆడతనంగా ఉన్నాయా అని ఏ రెఫరీ చూడలేదు. మందులే భయమైతే డోపింగ్ పరీక్ష పెట్టాలి. కండ చూసి అనుమానంతో మార్కు కోస్తే, గుడ్లు, చికెన్ తిని ఏళ్ళ తరబడి చెమటోడ్చిన పిల్లకే దెబ్బ తగులుతుంది.

అనంతపురంలో ఆడపిల్లను ఎదగనివ్వరని మనం ఇక్కడ కూర్చుని తేలిగ్గా అంటాం. అక్కడ జిమ్ము నడిపే అన్న ఫీజు అడగకుండా, మగపిల్లలు వెళ్ళిపోయిన వేళకు తాళం దాని చేతికే ఇస్తాడు. గుడ్ల అంగడాయన ట్రేలు అప్పు పెడతాడు. శెనక్కాయ కట్టలు మోసి మోసి ఒళ్ళు గట్టిపడిన మా పెద్దవ్వ దాని చేయి నొక్కి చూసి "రాయి మాదిరి ఉందే పాపా" అని మురిసిపోయింది. పెళ్ళి సంబంధం మాట వస్తే పెదవి విరిచేవాళ్ళు అక్కడా ఉన్నారు, ఆ కోపం నాకుంది. అయినా పిల్లను దాచిపెట్టాలని ఆ ఊళ్ళో ఎవరికీ అనిపించలేదు. 2023 మార్చిలో మధ్యప్రదేశ్ రత్లాంలో బాడీబిల్డింగ్ పోటీలో హనుమంతుడి విగ్రహం ముందు ఆడవాళ్ళు పోజులిచ్చారని కొందరు ఆ చోట గంగాజలం చల్లితే మన సంఘం వాట్సాప్‌లో ఎంత కోప్పడ్డామో గుర్తుందా? మరి ఒక ఆడపిల్ల ఫోటో తీసేయడాన్ని ఏమనాలి? ఆ ఫోటో వేయండి, ఇంట్లో అందరూ చూడనీండి.

ఇంకొకటి కూడా అడుగుతున్నాను. సీమలో జరిగే పోటీలకు మన సంఘం తరఫున కప్పులు, ప్రైజు డబ్బులు పోతున్నాయి. ఇచ్చేటప్పుడే నిర్వాహకులతో మాట్లాడండి. ఆడిన ప్రతి పిల్లకూ తన మార్కుల కాగితం చేతికివ్వాలి. ఎక్కువైందని తగ్గిస్తే ఏ భాగం ఎక్కువైందో అందులో రాయాలి. ఆ స్టేజీ ఎక్కి దిగిన ఆడవాళ్ళు జడ్జీల్లో ఉండాలి. వచ్చే డిసెంబరులో అట్లాంటి ఒకామెను అనంతపురం పిలిపించి మన పిల్లలకు పోజులు నేర్పిస్తే రానుపోను ఖర్చు, బస నేను పెట్టుకుంటాను. వచ్చే కమిటీ మీటింగు అజెండాలో దీన్ని చేర్చమని కోరుతున్నాను. మాట్లాడటానికి నేనే వస్తాను.