ప్యాకేజీ పోగా కంపోజర్‌కి మిగిలేది

2023 మార్చిలో కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ అందుకున్నప్పుడు తెలుగువాళ్లందరం అది మన ఇంటి పండగలా సంబరపడ్డాం. ఆ సంబరం నిజమైనదే. కానీ హైదరాబాద్‌లో కృష్ణానగర్, యూసుఫ్‌గూడ సందుల్లో అద్దె గదినే స్టూడియోగా మార్చుకుని, ఒక కంప్యూటర్, ఒక కీబోర్డుతో సినిమా మొత్తానికి సంగీతం చేస్తున్న కుర్రాళ్ల బతుకు ఆ తర్వాత కూడా అలాగే ఉంది. వాళ్లకి ట్యూన్లు రాక కాదు. డబ్బు లెక్క దగ్గరే వాళ్లు ఓడిపోతున్నారు.

ఆ లెక్కకి పరిశ్రమలో ఉన్న పేరు ప్యాకేజీ. మద్రాసులో పాటలు రికార్డయ్యే రోజుల్లో సంగీత దర్శకుడి పారితోషికం వేరు, వాద్యకారుల కాల్షీట్ల ఖర్చు వేరు. ఆ ఖర్చు నిర్మాత పెట్టుకునేవాడు. ఇప్పుడు చిన్న సినిమాకి నిర్మాత ఒకటే మొత్తం మాట్లాడతాడు. స్టూడియో అద్దె, గాయకులు, ఫ్లూటు, గిటారు, మిక్సింగ్, మాస్టరింగ్ అన్నీ అందులోంచే. డైరెక్టర్‌కి ట్యూన్ నచ్చక ఎనిమిదోసారి మార్చమన్నా, పాడిన గొంతు వద్దని ఇంకొకరిని పిలవమన్నా ఆ భారం కంపోజర్ మీదే పడుతుంది. అంటే నిర్మాత మోయాల్సిన రిస్కు, సినిమాలో ఎలాంటి వాటా లేని మనిషి నెత్తిన పెడుతున్నాం. దాని ఫలితం మన చెవులకి కూడా తెలుస్తోంది. పదిమంది వయొలిన్లు వాయించాల్సిన చోట ఒక్కరిని పిలిచి, మిగతాది శాంపిల్స్‌తో, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన వాద్యాల శబ్దాలతో నింపుతున్నారు. మిగిలే నాలుగు రూపాయల కోసం కంపోజర్ ముందు కోత పెట్టేది తోటి వాద్యకారుడి కూలికే. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది.

నేను కూడా కొన్నాళ్లు మ్యూజిక్ ప్రోగ్రామింగ్, అంటే కంప్యూటర్ మీద వాద్యాల శబ్దాలు పేర్చే పని చేశాను. ఒక సినిమాకి రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం) పూర్తిచేసి ఇస్తే, చివరి విడత డబ్బు రిలీజయ్యాక ఇస్తామన్నారు. ఆ సినిమా రిలీజే కాలేదు. పని జరిగినట్టు చూపించడానికి నా దగ్గర చిన్న కాగితం కూడా లేదు.

చట్టం మాత్రం ఇప్పుడు కంపోజర్ పక్షానే ఉంది. మొదట్నుంచీ అలా లేదు. 1977లో సుప్రీంకోర్టు, నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న సంగీతానికి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు నిర్మాతేనని తేల్చింది. ఆ తీర్పు నీడలో ఒక తరం కంపోజర్లు పారితోషికంతోనే సరిపెట్టుకున్నారు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించడం తప్ప, రేడియో, టీవీ, ఇంటర్నెట్, హోటల్ ఇలా పాట ఎక్కడ వాడినా రచయితకి, స్వరకర్తకి ఆ పాట హక్కులు రాయించుకున్నవాళ్లతో సమానంగా రాయల్టీ రావాలి. ఆ హక్కుని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడం కుదరదు. రాయించుకున్నా చెల్లదు. 2023 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు, ఎఫ్.ఎం. స్టేషన్లు కూడా స్వరకర్తలకి, రచయితలకి రాయల్టీ కట్టాల్సిందేనని చెప్పింది.

అయినా డబ్బు దానంతట అది నడిచి రాదు. పాటల రాయల్టీ వసూలు చేసి పంచే, 1969లో పుట్టిన ఐ.పి.ఆర్.ఎస్. అనే కాపీరైట్ సొసైటీలో సభ్యత్వం తీసుకోవాలి, చేసిన ప్రతి పాటనీ నమోదు చేయాలి. నేపథ్య సంగీతానికైతే ఏ సీన్లో ఎన్ని నిమిషాలు ఎవరి సంగీతం వినిపించిందో రాసే క్యూ షీట్ ఉండాలి. సినిమా టీవీలో వేసిన ప్రతిసారీ ఆ సంగీతానికీ లెక్క ఉంటుందని మన కుర్రాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. మిక్సింగ్ అయిన రాత్రే గంటసేపు కూర్చుని రాస్తే పూర్తయ్యే పని అది.

స్ట్రీమింగ్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోలేం. స్పాటిఫైలో 2024 నుంచి, ఏడాదిలో 1,000 సార్లు కూడా ప్లే కాని ట్రాక్‌కి రికార్డింగ్ రాయల్టీ లేదు. తెలంగాణలో యూట్యూబ్ జానపదాలు కొత్త కంపోజర్లకి పని ఇస్తున్నాయి, అది సంతోషం. కానీ అక్కడ కూడా ఛానల్ ఎవరిదైతే ఆదాయం వాళ్లదే. ఇక ఏ.ఐ. ముందు పెద్దవాళ్ల జోలికి రాదు. ప్రకటనలు, షార్ట్ ఫిల్ములు, సీరియల్ బిట్లు, అంటే కొత్తవాళ్లు అద్దె కట్టుకుంటూ పని నేర్చుకునే చోట్లనే ముందుగా తినేస్తుంది. మా పాటలతో మీ ఏ.ఐ.కి శిక్షణ ఇచ్చారంటూ, ఏ.ఐ.తో పాటలు తయారుచేసే సునో, ఉడియో సంస్థల మీద 2024లో అమెరికాలో పెద్ద మ్యూజిక్ లేబుళ్లు కోర్టుకెళ్లాయి. కృష్ణానగర్ కుర్రాడికి అంత స్తోమత ఎక్కడిది?

అందుకే ప్యాకేజీని రెండుగా విడగొట్టమని సంగీత దర్శకులు అందరూ కలిసి అడగాలని నా వాదన. పారితోషికం వేరు, రికార్డింగ్ ఖర్చు వేరు. పేరున్నవాళ్లు ముందు అడిగితేనే చిన్నవాళ్లకి ధైర్యం వస్తుంది.

మొన్న ఒక కుర్రాడు తన మొదటి సినిమా అగ్రిమెంట్ చూడమని పంపాడు. రెండు పేజీల్లో రాయల్టీ అనే మాటే లేదు. "అడిగితే సినిమా పోతుందేమో అన్నా, టెన్షన్‌గా ఉంది" అన్నాడు. అందులో రాయకపోయినా ఆ హక్కు ఎక్కడికీ పోదని చెప్పాను. మరుసటి రోజు ఇద్దరం కూర్చుని సభ్యత్వం ఫారం నింపాం, నాలుగు పాటల పేర్లు వరసగా రాసుకున్నాం.