641 ఎలా వచ్చిందో చెప్పరేం?

పెద్ద సంఖ్య గురించి ఎవరు రాసినా అవే నాలుగు ముక్కలు. 4,29,49,67,297కీ అంతే. బేసి సంఖ్య, అంకెల మొత్తం 59, భాజకాలు నాలుగు, 641 × 6700417. అయిపోయింది! నాకు కోపం వచ్చేది ఇక్కడే. అసలు కథ ఇంకా మొదలే కాలేదు.

ఈ సంఖ్య 2³² + 1. దీనికి ముందు ఇదే వరసలో 3, 5, 17, 257, 65537 ఉన్నాయి: 2¹ + 1, 2² + 1, 2⁴ + 1, 2⁸ + 1, 2¹⁶ + 1, ఘాతం ప్రతిసారీ రెట్టింపు. ఐదూ ప్రధాన సంఖ్యలే. తర్వాత వచ్చేవన్నీ అంతేనని 1640లో ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా గట్టిగా నమ్మాడు, నిరూపణ మాత్రం లేదు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ ఈ ఆరోదాన్ని 641 భాగిస్తుందని చూపించాడు.

క్లాసులో మాకు ఇక్కడితో ఆపేశారు. ఆయిలర్ 3 దగ్గర మొదలుపెట్టి ఒక్కోదానితో భాగించుకుంటూ పోయాడేమో అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. ఆ అవసరమే లేదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలి. ఇదీ ఆయిలర్ నిరూపించిందే. అలాంటివి వరసగా 193, 257, 449, 577, 641. ఐదోదే తగిలింది!

641ని ఒకసారి బాగా చూడండి. అది 5 × 2⁷ + 1. అదే 5⁴ + 2⁴ కూడా. కాబట్టి 641తో భాగించే లెక్కలో 5 × 2⁷ ఉన్నచోట −1 వేసుకోవచ్చు. రెండు వైపులా నాలుగో ఘాతం తీసుకుంటే 5⁴ × 2²⁸ బదులు 1 వస్తుంది. 5⁴ బదులు −2⁴ పెడితే −2³² బదులు 1. అంటే 2³² + 1కి శేషం సున్నా. పది అంకెల భాగహారం ఒక్కటీ చేయలేదు. మొదటిసారి ఇది అర్థమైన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇంత చిన్న లెక్కను పిల్లలకు చూపించకుండా జవాబు మాత్రం బట్టీ పట్టించడం అన్యాయం కాదా?

ఇంకో దారి కూడా ఉంది. ఈ సంఖ్య 65536² + 1². అదే 62264² + 20449² కూడా. ఏ ప్రధాన సంఖ్యనూ ఇలా రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయలేం. కారణాంకం పేరైనా తెలియకుండానే ఇది ప్రధాన సంఖ్య కాదని తేలిపోయింది.

దీనికి రెండు తక్కువ ఉన్న 4294967295ని కూడా చూడండి. అది 3 × 5 × 17 × 257 × 65537. అచ్చంగా ఆ మొదటి ఐదే! వాటిలో ఏదైనా మన సంఖ్యను కూడా భాగిస్తే, రెండింటి తేడా అయిన 2ను కూడా భాగించాలి. అది కుదరదు. అంటే ఇందాకటి వరసలో 257ని పరీక్షించక్కర్లేదు. 641 నాలుగో ప్రయత్నంలోనే దొరుకుతుంది.