బిషప్ గారు టోకున కొన్న పుస్తకానికి

జర్మనీలోని వర్మ్స్ నగరంలో 1526లో అచ్చయిన ఇంగ్లీషు కొత్త నిబంధన గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మీరు బ్రిటిష్ లైబ్రరీలో ఎండ తగలకుండా, చెమ్మ తగలకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ తోబుట్టువుల సంగతే బాగాలేదు. వేలల్లో పుట్టి మీతో కలిపి ముగ్గురు మిగిలారు. మీకింత మర్యాద అందుకే. చచ్చినవాడి కళ్ళు చారెడని మాకో సామెత ఉంది లెండి.

చర్చి అనుమతి లేని అనువాదం కాబట్టి మీ పుట్టుకే చాటుమాటు వ్యవహారం. కొలోన్‌లో అచ్చు మొదలైతే, పనివాళ్ళు తాగిన మైకంలో నోరు జారారు. మిమ్మల్ని ఇంగ్లీషులోకి తెచ్చిన టిండేల్ గారు అచ్చయిన కాగితాలు పట్టుకుని రైన్ నది మీదుగా వర్మ్స్‌కు పారిపోయారు. మీరు అక్కడ చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా పుట్టి, గుడ్డల బేళ్ళలో దాక్కుని ఇంగ్లండు చేరారు. నాగలి పట్టే కుర్రాడికి కూడా లేఖనాలు తెలియాలన్నది టిండేల్ గారి పంతం.

ఆ కుర్రాడి కన్నా ముందు మీ మీద మనసు పడింది లండన్ బిషప్ టన్‌స్టల్ గారు. లండన్‌లోని సెయింట్ పాల్స్ చర్చి ముంగిట మిమ్మల్ని తగలబెట్టించినా ఆయనకు తనివి తీరలేదు. ఒక వర్తకుడి ద్వారా ఆంట్‌వెర్ప్‌లో మీ ప్రతులను టోకున కొనిపించారట. ఆ వర్తకుడేమో టిండేల్ మనిషి! బిషప్‌కు పుస్తకాలు, టిండేల్‌కు డబ్బు, ఆ డబ్బుతో మళ్ళీ అచ్చు. ఇదంతా నాటి చరిత్రకారుడు హాల్ రాసిపెట్టిన ముచ్చట. నా లెక్కలో మీ మొదటి సేకర్త బిషప్ గారే. దొరికినన్ని కొన్నారు, ఎవరినీ చదవనివ్వలేదు. తరవాతి సేకర్తలు నిప్పు మానేశారు, అంతే.

ధర విషయానికొస్తే మీ జాతకమే విచిత్రం. 18వ శతాబ్దంలో పుస్తకాల పిచ్చి ఉన్న హార్లీ ప్రభువు మిమ్మల్ని వెతికి తెచ్చినవాడికి బతికినన్నాళ్ళూ ఏటా 20 పౌన్ల భరణం కట్టాడు. ప్రభువు పోయాక ఆయన పుస్తకాలన్నీ కొన్న వ్యాపారి మీరెవరో ఆనవాలు పట్టలేక 15 షిల్లింగులకు వదిలేశాడు. మీలో ఒక్క అక్షరమూ మారలేదే! తరవాత బ్రిస్టల్ బాప్టిస్టు కాలేజీలో రెండు వందల ఏళ్ళ కాపురం. 1994లో బ్రిటిష్ లైబ్రరీ మీకోసం సుమారు పది లక్షల పౌన్లు పోసింది.

అంతటి మీకూ ముఖపత్రం లేదు. పెళ్ళిచూపుల్లో పిల్లకు వంక వెతికినట్టు, సేకర్తలు మొదట తడిమేది అదే కదా. మీరు అమ్ముడైన రెండేళ్ళకే, 1996లో, జర్మనీలోని స్టుట్‌గార్ట్ గ్రంథాలయంలో మీ తోబుట్టువు ముఖపత్రంతో సహా బయటపడ్డాడు. మీకు ఎలా అనిపించిందో అడగను. ఇంతా చేసి ఆ పేజీలో అనువాదకుడి పేరే లేదు. పేరు దాచుకున్నా టిండేల్ గారిని 1536లో గొంతు బిగించి చంపి, కాల్చేశారు.

మీ మూడో వారు ఏ సెయింట్ పాల్స్ ముంగిట మంటలు లేచాయో ఆ సెయింట్ పాల్స్ గ్రంథాలయంలోనే ఉన్నారు. చాలా పుటలు పోయాయి, లోపమున్న ప్రతి అని జాబితాలకెక్కారు. ఆ పుటలు తిప్పీ తిప్పీ ఊడాయో, ఎవరైనా దుప్పటి కింద చదువుకోవడానికి చింపుకుపోయారో! వారికి మాత్రం నా నమస్కారాలు విడిగా అందజేయగలరు.

ఇట్లు,
అట్టలూడిన పుస్తకాల ఆసామి