గురి మర లోపలా? బయటా?

పిట్స్‌బర్గ్‌లో స్థిరపడ్డ మేనమామ, ఆయన మేనల్లుడు. మామయ్య మెషిన్ షాపులో పనిచేసి రిటైరయ్యారు. అల్లుడు సెలవు రోజుల్లో రేంజికి వెళ్లి దూరపు టార్గెట్లు కొడతాడు. ఇద్దరి మధ్య బల్ల మీద 1950ల నాటి యునర్టిల్ కంపెనీ టార్గెట్ స్కోపు ఉంది, అంటే రైఫిల్ మీద బిగించి గురి చూసే దుర్బిణి. ముప్పావు అంగుళం లావు, రెండడుగుల పొడవు గొట్టం. గురి సరిచేసే మరలేవీ దాని లోపల లేవు. దాన్ని రైఫిల్‌కి పట్టి ఉంచే మౌంటులోని మైక్రోమీటర్ మరలు స్కోపు మొత్తాన్నీ జరుపుతాయి. నేను మామయ్య పక్షం, ముందే చెబుతున్నాను. అయినా అల్లుడి మాట తగిలినచోట తగిలినట్టే రాశాను.

అల్లుడు: చూడ్డానికి బావుంది మామయ్యా, కాదనను. అద్దాల బీరువాలో పెట్టుకో. రేంజికి మాత్రం తేవద్దు.

మామయ్య: బీరువా కోసం కొనలేదురా. ఇలా రా, ఈ వెనక మౌంటు చూడు. పైన ఒక మర, కుడి పక్కన ఒక మర. వాటికి ఎదురుగా, కింద ఎడమ మూల నుంచి ఒక స్ప్రింగు గొట్టాన్ని ఆ రెండు మరలకేసి నొక్కి పెడుతుంది. ఇప్పుడు పై మర ఒక్క క్లిక్కు తిప్పు. గొట్టం వెనక కొస అంగుళంలో రెండువేలవ వంతు జరిగింది. తలవెంట్రుక మందంలో ఐదో వంతు కూడా ఉండదేమో. రెండు మౌంట్ల మధ్య 7.2 అంగుళాలు ఉంటే ఆ క్లిక్కు విలువ పావు మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక మినిట్), అంటే 100 గజాల దూరంలో పావు అంగుళం. మౌంట్లను 10 అంగుళాల ఎడంగా పెట్టావనుకో, అదే క్లిక్కు మినిట్‌లో ఆరో వంతు అవుతుంది. లెక్కంతా నీ కళ్ల ముందే ఉంది.

అల్లుడు: నా స్కోపులోనూ పావు మినిట్ క్లిక్కే. లెక్క నేను చూడక్కర్లేదు, కంపెనీవాడు చూసుకున్నాడు.

మామయ్య: సరే, నీ దాంట్లో కదిలేదేమిటి? లోపల ఇంకో చిన్న గొట్టం. తలకిందులైన బొమ్మను నిటారుగా నిలబెట్టే లెన్సులు అందులో ఉంటాయి. పైనున్న టర్రెట్, అంటే గురి సరిచేసే బిరడా, తిప్పితే మర దాన్ని ఒకవైపు నుంచి తోస్తుంది, రెండోవైపు నుంచి స్ప్రింగు ఆపుతుంది. కదిలిందో, ఎక్కడైనా పట్టేసిందో నీకెలా తెలుస్తుంది? మొన్న రేంజిలో టర్రెట్ తిప్పాక ఖాళీ తూటా గొట్టంతో దాని మీద టకటకా కొట్టావు. ఎందుకురా?

అల్లుడు: అందరూ కొడతారు. సర్దుకుంటుందని.

మామయ్య: సర్దుకోని అనుమానం ఉందన్నమాటేగా! ఇంకోటి విను. నువ్వు పైకి తిప్పేకొద్దీ ఆ లోపలి గొట్టం మధ్యగీత నుంచి పక్కకి జరిగిపోతుంది. పాత రకాల్లోనైతే క్రాస్‌హెయిర్ (గురి చూసే అడ్డగీతలు) కూడా చట్రంలో ఓ మూలకి పోయేది. ఇప్పుడు అది మధ్యలోనే కనిపిస్తుంది గానీ, చూపు మాత్రం లెన్సుల నడిమి నుంచి పోదు. నా స్కోపులో ప్రతి లెన్సూ ఎప్పుడూ ఒకే వరసలో ఉంటుంది. 600 గజాలకి తిప్పినా, 100కి తిప్పినా అంతే.

అల్లుడు: స్ప్రింగు స్ప్రింగంటూ నా దాన్ని తిడుతున్నావు. నీ మౌంటులో ఉన్నది మాత్రం స్ప్రింగు కాదా? దానికి దుమ్ము పట్టదా? నాది నైట్రోజన్ నింపి సీలు చేసింది. వర్షం, చెమట, ఇసుక ఏవీ లోపలికి పోవు. నీ మరలు ఊరందరికీ కనిపించేలా బయట నిలబడి ఉన్నాయి. తుప్పల్లో కొమ్మ తగిలితే గురి ఏ దిక్కుకి పోతుందో!

మామయ్య: (ఈ దెబ్బ గట్టిదే.) కొమ్మ తగిలితే కష్టమే, ఒప్పుకుంటా. దుమ్మంటావా, మర విప్పి తుడిచి, చుక్క నూనె వేసి బిగిస్తా. నీ దాన్ని పార్సిల్ కట్టి ఫ్యాక్టరీకి పంపాలి.

అల్లుడు: పేల్చిన ప్రతిసారీ స్కోపుని చేత్తో వెనక్కి లాగాలి. అదీ ఒప్పుకుంటావా?

మామయ్య: అది లోపం కాదు, కావాలని చేసింది. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోపు ఉన్నచోటే ఉంటుంది, రైఫిలే దాని కింద నుంచి వెనక్కి జారుతుంది. ఆ తన్నుడంతా లెన్సులకీ, సన్నటి తీగలకీ తగలకుండా చేసిన ఏర్పాటు. పక్కకి దొర్లకుండా గొట్టం మీద ఈ సన్నటి పట్టీ ఉంది చూడు, పోప్ రిబ్ అంటారు. తనంతట తనే వెనక్కి రావాలంటే స్ప్రింగు వేసుకోవచ్చు. అమెరికా మెరైన్ సైనికులు మాత్రం ఆ స్ప్రింగు లేకుండానే వాడారు.

అల్లుడు: ఒహాయోలోని క్యాంప్ పెర్రీ రేంజిలో పాత స్నైపర్ రైఫిళ్ల పోటీ చూశాను. టార్గెట్ 20 సెకన్లే కనిపిస్తుంది. అందులో స్కోపు లాగడం మర్చిపోతే కంటికీ అద్దానికీ దూరం మారిపోయి, బొమ్మ చుట్టూ నలుపు కమ్ముతుంది. టెన్షన్ పెట్టే పని. పైగా నీ స్కోపుకి కన్ను బాగా దగ్గర పెట్టాలి.

మామయ్య: చేతికి అలవాటైపోతుంది. మెరైన్లు రెండో ప్రపంచ యుద్ధంలో స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ మీద ఈ 8 రెట్ల యునర్టిలే పెట్టుకున్నారు. కొరియాలో ఇదే, వియత్నాంలో వించెస్టర్ మోడల్ 70 రైఫిల్ మీద మెరైన్ స్నైపర్ కార్లోస్ హాత్‌కాక్ వాడిందీ ఇదే. 1967లో ఆయన ఈ స్కోపునే బ్రౌనింగ్ మెషిన్ గన్ మీద బిగించి 2,500 గజాల దూరం కొట్టాడు. అంత పెద్ద తుపాకీ మీద నిలబడ్డ మౌంటుని సున్నితమంటావా?

అల్లుడు: అదే మెరైన్లు 1966లో రెమింగ్టన్ 700 రైఫిల్ తెచ్చుకుని, దాని మీద లోపలి మరలున్న రెడ్‌ఫీల్డ్ స్కోపు పెట్టారు. ఎందుకు మానేశారో చెప్పు.

మామయ్య: ఆ రెడ్‌ఫీల్డ్‌లో దూరం కొలిచే ప్లాస్టిక్ ముక్క ఎండకి కరిగేది. ఆ సంగతి కూడా చెప్పు.

అల్లుడు: చెప్తా. దాని తర్వాత M40A1 అనే స్నైపర్ రైఫిల్ కోసం 10 రెట్ల కొత్త స్కోపు చేయించారు. చేసిందెవరు? మీ యునర్టిల్ కంపెనీయే! మరలెక్కడ పెట్టారు? లోపల! నువ్వు పూజించే మేస్త్రీలే బయటి మర వదిలేశారు మామయ్యా.

(మామయ్య కాసేపు మాట్లాడలేదు. ఈ మాటకి తిరుగులేదు. నాకూ తోచలేదు.)

మామయ్య: యుద్ధానికి పనికొచ్చేది వేరు. బురదలో పాకేవాడికి నీదే మంచిది, పో.

అల్లుడు: ఒప్పుకున్నావు కదా! ఇంకోటి కూడా ఒప్పుకో. దీన్ని బిగించడానికి ఆ పాత వించెస్టర్ బ్యారెల్‌కి డ్రిల్లు పెట్టావు. 1964కి ముందు చేసిన మోడల్ 70 అది! ఒక్క కొత్త రంధ్రంతో దాని ధర పడిపోయింది.

మామయ్య: ధర కోసమా నేను కొన్నది? ముందు మౌంటుని పట్టే దిమ్మె బ్యారెల్ మీదే కూర్చోవాలి, లేకపోతే 7.2 అంగుళాల ఎడం ఎలా వస్తుంది? ఆ రంధ్రాలు నేనే పెట్టాను, వాటిలో మర చుట్లు నేనే తీశాను.

అల్లుడు: అలాంటివి ఇంక తయారు కావు. నీ సరదా కోసం ఒకటి తగ్గించావు. పాతవాటి మీద ప్రేమంటే ఇదేనా?

మామయ్య: వేటకి, టార్గెట్‌కి చేసిన వస్తువు బొమ్మలా మూలన పడుండాలా? ఆ రోజుల్లో గన్‌స్మిత్‌లు చేసింది ఇదే.

అల్లుడు: ఆ రోజుల్లో అవి కొత్తవి మామయ్యా. కొట్లో ఇంకోటి దొరికేది.

మామయ్య: సర్లే, రంధ్రం గొడవ వదిలెయ్. అసలు మాటకి రా. విలియం మాల్కం 1855లో న్యూయార్క్ రాష్ట్రం సిరాక్యూస్‌లో మొదలెట్టిన పొడుగు గొట్టాల నుంచి వించెస్టర్ A5, లైమన్ టార్గెట్‌స్పాట్ స్కోపుల దాకా ఇదే వరస. మన ఊళ్లోనే బ్రషీర్ అనే ఆయన నక్షత్రాలు చూసే అద్దాలు అరగదీశాడు. ఆయన కార్ఖానా ఫెకర్ అనే ఆయన చేతికొచ్చింది. ఫెకర్ దగ్గర పనిచేసిన జాన్ యునర్టిల్ 1934లో సొంతంగా పెట్టుకున్నాడు. ఖగోళం అద్దాల పని తెలిసినవాళ్లకి ఒకటి బాగా తెలుసు: లెన్సుల్ని ఒకసారి వరసలో పెట్టాక ముట్టుకోకూడదు, తిప్పాలంటే టెలిస్కోపు మొత్తాన్నీ తిప్పాలి. ఆ బుద్ధే ఈ మౌంటులో ఉంది. పాత ముచ్చటంటావు కదూ? ఇప్పుడు బెంచ్‌రెస్ట్ వాళ్లని, అంటే రైఫిల్‌ని బల్ల మీద ఆన్చి పోటీపడేవాళ్లని చూడు. ఐదు గుండ్లూ ఒకే రంధ్రంలో దూరాలని చచ్చేవాళ్లు వాళ్లు. వాళ్లలో కొందరు లక్షలు పోసి కొన్న కొత్త స్కోపు విప్పించి, లోపలి గొట్టాన్ని కదలకుండా బిగించేసి, దాన్ని బయటి మరలున్న మౌంటులో పెట్టుకుంటున్నారు. ఎందుకని? గుండు ఎందుకు తప్పిందో తెలియనప్పుడు, అనుమానించాల్సినవాటిలో ఒకటి తగ్గించుకోవడానికి. నీ టకటక కొట్టుడుకి వాళ్లు కనిపెట్టిన మందు ఇది.

అల్లుడు: వాళ్లు ఎంతమంది మామయ్యా? వేలమందిలో గుప్పెడు. మిగతావాళ్లు లోపలి మరలతోనే గెలుస్తున్నారు.

మామయ్య: గెలుస్తున్నారు. టర్రెట్ ముట్టుకోకుండా, ఒకే దూరంలో పెట్టుకుని గెలుస్తున్నారు. క్లిక్కులు తిప్పుతూ, మళ్లీ వెనక్కి తెస్తూ కొట్టమను.

అల్లుడు: అయితే తేల్చేద్దాం. ఒక గుండు కొట్టి, 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందకి, 20 ఎడమకి. మలుపు మలుపుకీ ఒక గుండు. చివరిది మొదటి రంధ్రంలోకి రావాలి. ఎవరి స్కోపు గుండుని అలా వెనక్కి తెస్తే వాళ్లు నెగ్గినట్టు.

మామయ్య: ఇద్దరివీ ఒకే రైఫిల్ మీద, నా వించెస్టర్ మీద. నువ్వు తిట్టిన ఆ రంధ్రాలే పనికొస్తాయి. కానీ ఒక షరతు.

అల్లుడు: ఏంటది?

మామయ్య: టర్రెట్ మీద కొట్టకూడదు.

అల్లుడు: సరే. నువ్వూ మర తిప్పాక గొట్టాన్ని వేలితో నొక్కి చూడకూడదు. నొక్కుతావు, నేను చూశాను.