దాత దొరికితేనే పాటా?

తన బృందగాన దళం బీబీసీ సింగర్స్‌ను మూసేస్తున్నామని 2023 మార్చి 7న ప్రకటించిన బీబీసీ యాజమాన్యం, అదే నెల 24న నాలుక మడతేసింది. నిధులు సమకూర్చే ప్రతిపాదనలతో కొన్ని సంస్థలు తమను సంప్రదించాయని, వాటిని పరిశీలించేందుకు మూసివేతను ప్రస్తుతానికి ఆపామని చెప్పుకొచ్చింది. లండన్ సంగీత లోకం ఊపిరి పీల్చుకుంది. గాయకుల కొలువులు నిలిచాయి కాబట్టి మాకూ సంతోషమే. కానీ మూసేస్తామన్న రోజు కంటే కాపాడామన్న రోజే మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది. లక్ష దాటిన సంతకాలు, వందల మంది స్వరకర్తలు రాసిన లేఖ ఒకవైపు ఉన్నాయి. యాజమాన్యం మాత్రం మనసు మార్చుకోవడానికి కారణంగా చూపించింది బయటి డబ్బును. ఇది మొదలైతే ఎక్కడ ఆగుతుంది?

ఇంతా చేసి ఆ బృందంలో ఉన్నవి ఇరవై ఉద్యోగాలు. బ్రిటన్‌లో పూర్తికాలం జీతం మీద నడిచే ఛాంబర్ కోరస్ (చిన్న బృందగాన దళం) అదొక్కటే. మన ఆకాశవాణి భాషలో చెప్పాలంటే వాళ్లు నిలయ విద్వాంసులు. కొత్త రచన చేతిలో పెడితే స్వరలిపి చూస్తూనే పాడేయగల దిట్టలు. 1924 నుంచి ఉన్న బృందం, 2024తో నూరేళ్లు. నాజీల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లో 1943లో ఫ్రెంచి స్వరకర్త ఫ్రాన్సిస్ పూలాంక్ ఒక బృందగానం రహస్యంగా రాసుకున్నాడు. పన్నెండు గొంతుల పాట, వాద్యం ఒక్కటీ లేదు. చివర్లో వచ్చేది స్వేచ్ఛ మీద పాల్ ఎల్యువార్ రాసిన కవిత. అక్కడ దాన్ని బయటికి పాడే పరిస్థితి లేదు. అది లోకానికి తొలిసారి వినిపించింది 1945 మార్చిలో, లండన్‌లో. పాడింది ఈ బృందమే, అప్పటి పేరు బీబీసీ కోరస్. అంత కష్టమైన పాటను యుద్ధం ముగియకముందే నేర్చుకుని పాడటానికి, జీతాల గురించి టెన్షన్ లేని గాయకులు ఒకచోట సిద్ధంగా ఉండాలి. ఉన్నారు కాబట్టే అయింది.

యాజమాన్యానికీ ఒక వాదన ఉంది. టీవీ చూసే ఇళ్లు ఏటా కట్టే లైసెన్స్ ఫీజును ప్రభుత్వం 2022 నుంచి రెండేళ్లపాటు 159 పౌండ్ల దగ్గర కట్టిపడేసింది, ద్రవ్యోల్బణం చూస్తే పది శాతం దాటింది, ఎక్కడో ఒకచోట కోయక తప్పదన్నారు. ఇంగ్లండ్‌లోని తమ ఆర్కెస్ట్రాల్లో జీతపు కొలువులు ఐదో వంతు తగ్గిస్తామన్నదీ ఆ లెక్కలోనే. ఇబ్బంది నిజమే అనుకుందాం. ఇబ్బందుల్లో ఉన్న సంస్థ ఖర్చు తగ్గించుకుంటే ఎవరూ తప్పుపట్టరు. తాను చేయాల్సిన అసలు పనిని ఎవరైనా వచ్చి ఎత్తుకుంటారా అని ఎదురుచూడటం మాత్రం మరో సంగతి.

అందులోనూ ఇలా ఎదురుచూడటం బీబీసీకి అసలు తగదు. ఏటా వేసవిలో ఘనంగా చెప్పుకునే ప్రోమ్స్ కచేరీలు తన చేతికి ఎలా వచ్చాయో ఆ సంస్థ ఒకసారి గుర్తుచేసుకోవాలి. 1895 ఆగస్టు 10న లండన్ క్వీన్స్ హాల్‌లో రాబర్ట్ న్యూమన్ వాటిని మొదలుపెట్టినప్పుడు డబ్బు పెట్టింది జార్జ్ క్యాత్‌కార్ట్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు. ఆయన రెండు షరతులు పెట్టాడు. కచేరీలన్నిటికీ హెన్రీ వుడ్ ఒక్కడే కండక్టర్‌గా, అంటే కర్రతో వాద్యబృందాన్ని నడిపేవాడిగా ఉండాలి. రెండోది, శ్రుతి తగ్గించాలి. అప్పట్లో ఇంగ్లండ్ ఆర్కెస్ట్రాల శ్రుతి బాగా ఎక్కువ. దాన్ని అందుకోబోయి గాయకులు గొంతులు పాడుచేసుకుంటున్నారని గొంతు డాక్టరుగా ఆయన బాధ. ఫ్రాన్స్‌లో వాడే తక్కువ శ్రుతికి దిగాలంటే ఊదే వాద్యాలన్నీ మార్చాలి. వాయించేవాళ్లు మేం కొనలేమన్నారు. డాక్టరే తెప్పించి వాళ్ల చేతికిచ్చాడు. షరతు మంచిదే, ఫలితమూ మంచిదే. అయినా ఒక మహానగరంలో కచేరీ ఏ శ్రుతిలో సాగాలో, కర్ర ఎవరు పట్టుకోవాలో ఒక డాక్టరు గారి చెక్కుబుక్కే తేల్చింది. ఆయన మంచివాడు కావడం లండన్ అదృష్టం. ప్రతిసారీ ఆ అదృష్టం ఉంటుందని ఎవరు రాసిచ్చారు?

1902లో న్యూమన్ దివాలా తీశాడు. అప్పుడు ఆదుకున్నవాడు ఎడ్గార్ స్పేయర్. న్యూయార్క్‌లో పుట్టిన జర్మన్ యూదు కుటుంబపు బ్యాంకరు, 1892లో బ్రిటిష్ పౌరుడయ్యాడు. లండన్ భూగర్భ రైళ్లను నడిపిన కంపెనీకి ఛైర్మన్. కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువ యాత్ర నిధికి కోశాధికారి కూడా. మంచులో ప్రాణం పోయే ముందు స్కాట్ రాసిన చివరి ఉత్తరాల్లో ఒకటి ఆయనకే. 1906లో బారొనెట్ బిరుదు వచ్చింది, 1909లో రాజుకు సలహాలిచ్చే ప్రివీ కౌన్సిల్‌లో చోటు దక్కింది. ప్రోమ్స్ నష్టాలను ఏళ్ల తరబడి సొంత జేబులోంచి పూడ్చాడు. షిల్లింగ్ టికెట్టుతో నిలబడి వినే గుమాస్తాకు కొత్త సంగీతం అందిందంటే అందులో ఆయన పుణ్యం చాలా ఉంది.

1914లో యుద్ధం రాగానే అదంతా గాలికి పోయింది. జర్మన్ పేరున్న ప్రతివాడూ గూఢచారే అన్నట్టు పత్రికలు ఆయన మీద పడ్డాయి (మా వృత్తివాళ్లే, ఒప్పుకోక తప్పదు). నార్ఫోక్ తీరంలోని ఆయన ఇంటి నుంచి జర్మన్ జలాంతర్గాములకు సైగలు వెళుతున్నాయని పుకారు పుట్టించారు. విసిగిపోయి, బిరుదులు వెనక్కి తీసుకొమ్మని 1915లో ప్రధాని ఆస్క్విత్‌కు లేఖ రాసి కుటుంబంతో అమెరికా వెళ్లిపోయాడు. 1921లో ఆయన బ్రిటిష్ పౌరసత్వాన్నే రద్దు చేశారు. ఆయన మీద వేసిన నింద న్యాయమా కాదా అన్నది చరిత్రకారులు తేల్చుకుంటారు. మేం చూస్తున్నది ఒక్కటే: ఒక మనిషి పరువు మీద పడిన దెబ్బ, ఆయన పోషించిన కచేరీలనూ తాకింది. అవి చాపెల్ అనే సంగీత ప్రచురణ సంస్థ చేతికి వెళ్లాయి. దాని అధినేత విలియం బూసీకి రేడియో అంటే గిట్టేది కాదు. చివరికి నష్టాలు మోయలేమని ఆ సంస్థా తప్పుకుంది. 1927లో బీబీసీ ముందుకొచ్చింది.

ఎందుకొచ్చింది? డాక్టరు పోతే బ్యాంకరు, బ్యాంకరు పోతే వ్యాపారి అనే వరుసలో సంగీతం ఇక చేతులు మారుతూ బతకనక్కర్లేదని. లక్షల మంది తలా కొంచెం కట్టిన లైసెన్స్ ఫీజుకు జర్మన్ పేరు ఉండదు, అది దివాలా తీయదు, దానికి రేడియో అంటే గిట్టకపోవడమూ ఉండదు. ఆ ఫీజు మీద బతుకుతున్న బీబీసీయే 2023లో ఇరవై మంది గాయకుల జీతం కోసం బయటి గుమ్మం వైపు చూసింది. ఇరవై మందితో మొదలైతే రేపు ఆర్కెస్ట్రాల వంతు రాదా? ఎల్లుండి ప్రోమ్స్‌నే దాత చేతిలో పెట్టరని నమ్మకమేమిటి?

కుటుంబ సొమ్ము అయినా అంతే. విరేచనం సాఫీగా అయ్యే మాత్రలు అమ్మి కోట్లు గడించిన బీచమ్ కుటుంబంలోని థామస్ బీచమ్, ఆ డబ్బుతోనే లండన్‌కు గొప్ప ఒపేరాలు (పాటలతో సాగే నాటకాలు) చూపించాడు. 1916లో తండ్రి పోయాడు. కోవెంట్ గార్డెన్ స్థలాల కొనుగోలు వ్యవహారంలో ఆస్తి చిక్కుకుపోయింది. 1920కల్లా ఒపేరా కంపెనీ మూతపడింది. పాడేవాళ్లు చేసిన తప్పేమీ లేదు.

ఈ అనుభవాలన్నీ చూశాకే బ్రిటన్ ఒక దారి వేసుకుంది. యుద్ధకాలంలో, 1940లో, కళలకు సాయం చేసే మండలిని పిల్‌గ్రిమ్ ట్రస్ట్ ఇచ్చిన 25,000 పౌండ్లతో మొదలుపెట్టారు. ప్రభుత్వం తన వాటా కలిపింది, తర్వాత మొత్తం భారం తానే ఎత్తుకుంది. 1946 నాటికి అది ఆర్ట్స్ కౌన్సిల్ అయింది. దాత మొదలుపెట్టిన పనిని జనం సొమ్ము అందుకుంది. ఇప్పుడు బండి వెనక్కి నడుస్తోంది. కూలీనాలీ జనానికి ఒపేరా అందించాలని లిలియన్ బేలిస్ పట్టుబట్టి నడిపిన కంపెనీకి వారసురాలు ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా. దానికి ఆర్ట్స్ కౌన్సిల్ నుంచి ఏటా అందే 1.26 కోట్ల పౌండ్లను 2022 నవంబరులో ఒక్క కలం పోటుతో తీసేశారు. లండన్ వదిలి పొండి, మూడేళ్లకు 1.7 కోట్లు ఇస్తామన్నారు. గోల తట్టుకోలేక 2023 జనవరిలో ఒక్క ఏడాదికి దాదాపు 1.15 కోట్లు విదిల్చారు. ముందు గొంతు పట్టుకోవడం, అరిస్తే కాస్త వదలడం. బీబీసీ నేర్చుకున్న పాఠమూ ఇదే అయినట్టుంది.

దాతల్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో హాండెల్ స్వరపరిచిన బృందగానం ‘మెసయ్య’ తొలి ప్రదర్శన దానం కోసమే జరిగింది. జనం ఎక్కువ మంది పట్టాలని ఆడవాళ్లు లంగాలకు వెదురుబద్దల్లాంటి వలయాలు వేసుకోకుండా రావాలని, మగవాళ్లు కత్తులు ఇంట్లో పెట్టి రావాలని ముందే వేడుకున్నారు. దాదాపు ఏడు వందల మంది వచ్చారు. ఆ వసూళ్లతో అప్పులు తీర్చలేక జైల్లో మగ్గుతున్న 142 మంది విడుదలయ్యారు, రెండు ఆసుపత్రులకూ సొమ్ము అందింది. సంగీతం పదిమందికి పెట్టిన రోజులవి. పాల్ హామ్లిన్ సంగతీ చెప్పుకోవాలి. ఏడేళ్ల వయసులో బెర్లిన్ నుంచి వచ్చి, చవక పుస్తకాలు అచ్చేసి బాగా సంపాదించి, ఎన్నడూ ఒపేరా చూడనివాళ్లకు రాయల్ ఒపేరా హౌస్‌లో తక్కువ ధర టికెట్లు ఇప్పించాడు. ఒపేరా హౌస్ అప్పటికే నడుస్తోంది, ఆయన దాని తలుపు ఇంకొంచెం బార్లా తెరిచాడు. అదే భవనంలోని ఫ్లోరల్ హాల్‌కు అంతకుముందు ఆల్బర్టో విలార్ అనే అమెరికన్ మదుపరి పేరు పెట్టారు. ఇస్తానన్న డబ్బు రాకపోయేసరికి 2005లో ఆ పేరు తీసేయాల్సి వచ్చింది. మూడేళ్ల తర్వాత మోసం కేసులో ఆయన దోషిగా తేలాడు. ఇప్పుడు అక్కడ హామ్లిన్ పేరుంది. హాలు పేరంటే బోర్డు మార్చి సరిపెట్టారు. గాయకుల జీతమైతే బోర్డు మార్చినంత సులువా?

లండన్ గొడవ మనకెందుకని తెలుగు పాఠకులు అనుకోవచ్చు. మన ఆకాశవాణికి నారు పోయడానికి 1935లో లయొనెల్ ఫీల్డెన్‌ను పంపింది బీబీసీయే. విజయవాడ కేంద్రం భక్తిరంజనిని ఇంటింటికీ చేర్చిందంటే, స్టూడియోలో జీతం మీద కూర్చున్న విద్వాంసులు ఉండబట్టే. ఏ జమీందారు దయ కోసమూ వాళ్లు ఎదురుచూడలేదు. నేర్పిన గురువే దారి తప్పితే, ఇక్కడ లెక్కలు వేసే అధికారులు లండన్‌నే ఉదాహరణగా చూపిస్తారు.

బీబీసీ పెద్దలు ఇప్పుడైనా నీళ్లు నమలడం మానాలి. ముందుకొచ్చిన ఆ సంస్థలేమిటి? ఎంత ఇస్తాయి, ఎన్నేళ్లు ఇస్తాయి, ఏ షరతు మీద ఇస్తాయి? పాటలు ఎంచేది ఎవరు? దాత మనసు మార్చుకున్న నాడు ఆ ఇరవై మంది జీతం ఎవరి బాధ్యత? లైసెన్స్ ఫీజు కట్టే ప్రతి ఇంటికీ ఈ జవాబులు బాకీ ఉన్నాయి. చెప్పే ధైర్యం లేకపోతే ఆ బృందం పేరులోంచి బీబీసీ అన్న మూడక్షరాలు తీసేసి దాత పేరు రాసుకోండి. ప్రోమ్స్ వేదికెక్కి ప్రజా సంగీతం గురించి ఉపన్యాసాలు మాత్రం ఇవ్వకండి.