భారతాన్ని ముందు విని, తర్వాత రాసిన ఫ్రెంచి రచయిత

తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి అంటాం. ఆ మాటను అక్షరాలా పాటించిన ఫ్రెంచి సినీ రచయిత ఒకాయన ఉన్నారు. పేరు జాఁ-క్లోద్ కారియేర్. 1970ల మధ్యలో, పారిస్‌లో ఫిలిప్ లవస్తీన్ అనే సంస్కృత పండితుడు భారత కథ చెబుతుంటే దర్శకుడు పీటర్ బ్రూక్, ఈయన కూర్చుని విన్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి చదివారు, మన దేశమంతా తిరిగారు, రాశారు, కొట్టేశారు, మళ్లీ రాశారు. 1985లో ఫ్రాన్సులోని అవిన్యోఁ నాటకోత్సవంలో, ఒక రాతి క్వారీలో, తొమ్మిది గంటల నాటకంగా అది ప్రేక్షకుల ముందుకొచ్చింది.

పరాయివాళ్లకు మన భారతంతో ఏం పని అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. గీతను నాలుగు మాటల్లో తేల్చేశారన్న విమర్శలో నిజం ఉంది. అక్కడ నాకూ వెలితిగానే అనిపిస్తుంది. కానీ వినడానికే అంత కాలం ఇచ్చిన మనిషికి ఆ కథ చెప్పే హక్కు లేదంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఆయన పని నేర్చుకున్న తీరే అది. 1931లో దక్షిణ ఫ్రాన్సులో ద్రాక్షతోటల రైతు ఇంట పుట్టారు. కుర్రతనంలో దర్శకుడు జాక్ తాతి సినిమాను నవలగా రాసే అవకాశం వచ్చింది. తాతి ఆయన్ని సరాసరి ఎడిటర్ సుజాన్ బారోఁ దగ్గరికి పంపారు. ఒకపక్క స్క్రిప్టు, మరోపక్క ఎడిటింగ్ యంత్రం మీద రీలు పెట్టి, కాగితం మీది వాక్యం తెర మీదికి ఎలా చేరుతుందో ఆవిడ చూపించారు. తర్వాత స్పెయిన్‌కు చెందిన దర్శకుడు లూయిస్ బున్యుయెల్‌తో దాదాపు ఇరవై ఏళ్ల జోడీ. మన సినిమా వాళ్లు సిట్టింగ్ అంటారే, అదే పద్ధతి: ఊరికి దూరంగా ఇద్దరే కూర్చోవడం, కలిసి తినడం, ఒకరి ఊహను ఇంకొకరు వద్దంటే అక్కడితో వదిలేయడం. 2014లో గౌరవ ఆస్కార్, 2015లో మన పద్మశ్రీ వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

ఆ నాటకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది పిల్లవాడి పాత్ర. వ్యాసుడు చెబుతుంటాడు, గణపతి రాస్తుంటాడు, పక్కనే ఒక పిల్లవాడు వింటూ ప్రశ్నలు వేస్తుంటాడు. ఇక్కడ, పరాయి దేశంలో పుట్టిన మన పిల్లల స్థానం సరిగ్గా అదే. మనం వాళ్లకు కిరీటం పెట్టి, పద్యం బట్టీ పట్టించి, ఫొటో తీసుకుని సంతోషపడుతున్నాం. అడగడానికి మాత్రం చోటివ్వడం లేదు.

వచ్చే ఉగాదికి నాటకం ఎంచుకునే మన తెలుగువాళ్ల కమిటీకి నా విన్నపం ఒకటే. పద్యాలు ఉంచండి, తిక్కనను తప్పకుండా ఉంచండి. వాటితోపాటు, వినే పిల్లనో పిల్లాణ్ణో కూడా వేదిక మీద కూర్చోబెట్టండి. జూదం ఘట్టం రాగానే, తనను తాను ఓడిపోయిన ధర్మరాజు ద్రౌపదిని ఎలా ఒడ్డుతాడని ఆ పిల్లనే వ్యాసుణ్ణి అడగనివ్వండి.